మూడు కాళ్ళు, ఒక తల

ట్రైపాడ్ అట్టపెట్టె మీద అన్నిటికన్నా పెద్ద అక్షరాల్లో ఉండేది ఒకటే అంకె: ఇన్ని కిలోలు మోస్తుంది. ఒకరు 8 అంటారు, ఇంకొకరు 12 అంటారు, మరొకరు ధైర్యంగా 25 అంటారు. మన కెమెరా, లెన్సు కలిపి తూస్తే చాలామందికి 2 కిలోలు దాటదు. ఈ లెక్కన ఏది కొన్నా చాలుననిపిస్తుంది. కానీ ఆ అంకెను కొలవడానికి కంపెనీలన్నీ ఒప్పుకున్న పద్ధతి ఒక్కటీ లేదు. విరగకుండా ఎంత మోస్తుందో చెప్పేవాళ్ళు కొందరు, తల జారకుండా ఎంత పడుతుందో చెప్పేవాళ్ళు కొందరు, ఏం కొలిచారో చెప్పనివాళ్ళు చాలామంది. పైగా బరువు మోయడానికీ నిలకడకూ సంబంధం తక్కువ. నులక మంచం మీద నలుగురు కూర్చున్నా విరగదు. అదే మంచం మీద అంచుదాకా నీళ్ళు నింపిన గ్లాసు పెట్టి తొణక్కుండా చూడమంటే ఎవరి వల్లా కాదు. ట్రైపాడ్ కొనేవాడు అడగవలసింది గ్లాసు సంగతి.

ఎంత చిన్న కదలిక బొమ్మను చెడగొడుతుందో ఒకసారి లెక్క వేసుకుంటే మిగతాదంతా తేలికగా అర్థమవుతుంది. 45 మెగాపిక్సెళ్ళ ఫుల్‌ఫ్రేమ్ కెమెరాలో ఒక్కో పిక్సెల్ వెడల్పు సుమారు 4.4 మైక్రాన్లు. దానికి 400 మి.మీ. లెన్సు తగిలిస్తే, కెమెరా రెండు ఆర్క్‌సెకన్లు తిరిగినా బొమ్మ ఒక పిక్సెల్ పక్కకు జరుగుతుంది. డిగ్రీని 3,600 ముక్కలు చేస్తే అందులో రెండు ముక్కలన్నమాట. కంటికి కనబడని, చేతికి తగలని కదలిక అది. అదే కెమెరా మీద 50 మి.మీ. లెన్సుంటే 18 ఆర్క్‌సెకన్ల దాకా పరవాలేదు, 24 మి.మీ. ఉంటే ఇంకా ఎక్కువ సడలింపు. అందుకే ‘అన్నిటికన్నా మంచి ట్రైపాడ్ ఏది’ అనే ప్రశ్నకు జవాబుండదు. మీ సంచీలో అన్నిటికన్నా పొడుగు లెన్సు ఏదో ముందు చెప్పాలి. కొండలూ చెరువులూ వైడ్ లెన్సుతో తీసేవాడికి ఒక మోస్తరు స్టాండ్ చాలు. నేలపట్టులో గూళ్ళ మీద వాలే కొంగల్ని తీయాలనుకునేవాడికి అది పనికిరాదు.

గట్టిదనం ఎక్కడి నుంచి వస్తుంది? చాలావరకు గొట్టం లావు నుంచి. పలుచటి గోడ ఉన్న గొట్టం వంగకుండా నిలిచే బలం దాని వ్యాసానికి ఘనంగా పెరుగుతుంది. గోడ మందం మారకుండా 28 మి.మీ. గొట్టాన్ని 32 మి.మీ. చేస్తే బలం సుమారు ఒకటిన్నర రెట్లవుతుంది. 22 నుంచి 32కు వెళితే మూడు రెట్లు. నాలుగు మిల్లీమీటర్ల తేడాయే కదా అని దుకాణంలో తేలిగ్గా తీసేస్తాం గానీ, ఆ నాలుగు మిల్లీమీటర్ల కోసమే పెద్ద కంపెనీలు ‘సిరీస్’ అని అంకెలు పెట్టి ధర పెంచుకుంటూ పోయేది. ఇక్కడ వాళ్ళు అడిగే డబ్బుకు అర్థం ఉంది.

పొడుగు దీనికి శత్రువు. ఒక చివర బిగించిన కడ్డీ రెండో చివర ఎంత వంగుతుందనేది పొడుగుకు ఘనంగా పెరుగుతుంది. 120 సెం.మీ. కడ్డీ బదులు 150 సెం.మీ. కడ్డీ పెడితే అదే తోపుకు వంపు దాదాపు రెట్టింపు. ట్రైపాడ్‌లో మూడు కాళ్ళూ ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి కనక లెక్క అచ్చంగా ఇలాగే రాదు. అయినా దారి మాత్రం ఇదే. మోకాళ్ళ మీద కూర్చుని తీయగలిగిన బొమ్మను నిలబడి తీయకపోతే, 5 వేల స్టాండ్ 15 వేల స్టాండ్‌లా ప్రవర్తిస్తుంది. ఒళ్ళు వంచడానికి ఖర్చేమీ లేదు. నలభై దాటినవాళ్ళు ఒప్పుకోకపోవచ్చు.

మధ్యలో పైకి లేచే కాలమ్ సంగతి వేరుగా చెప్పాలి. మూడు కాళ్ళ మీద నిలిపిన బరువును తెచ్చి ఒక్క సన్నపు కడ్డీ చివర పెట్టడమే ఆ కాలమ్ చేసే పని. తక్కువ ధర స్టాండ్లలో 150 సెం.మీ. ఎత్తు అని రాసినదాంట్లో 25, 30 సెం.మీ. ఈ కడ్డీదే. కాళ్ళు మాత్రమే పూర్తిగా చాపితే ఎంత ఎత్తు వస్తుందో చూసి, దాన్నే అసలు ఎత్తుగా లెక్కించాలి. ఆ ఎత్తుకు తల ఎత్తు ఒక 10 సెం.మీ., కెమెరా కన్ను ఇంకో 10 సెం.మీ. కలిపితే మీ కంటికి అందుతుందా? అందితే కాలమ్ లేని ట్రైపాడ్ కొన్నా ఇబ్బంది లేదు. టేబుల్ మీద వస్తువులు, వంటకాలు పై నుంచి తీసేవాళ్ళకు మాత్రం అడ్డంగా తిరిగే కాలమ్ నిజంగా అక్కరకొస్తుంది. మాన్‌ఫ్రోటో కంపెనీ 190, 055 రకాలకు అంత పేరు రావడానికి ఆ సౌకర్యం ఒక కారణం.

కాలులో ఎన్ని మడతలుండాలన్నది ఇల్లు, బస్సు, విమానం తేల్చే విషయం. మూడు మడతల కాలుకు కీళ్ళు తక్కువ, చివరి గొట్టం లావు. అయిదు మడతలది భుజాన వేసే సంచీలో పడుతుంది గానీ చివరి గొట్టం చిటికెనవేలంత. అందులో ఆ ఆఖరి మడతను తీయకుండా వాడుకోవడం మంచి అలవాటు. నా ఓటు నాలుగు మడతలకు. కాళ్ళు వెనక్కి తిరిగి తలను చుట్టుకుని ముడుచుకునే ‘ట్రావెల్’ రకాలు చూడ ముచ్చటగా ఉంటాయి. వాటి తల కాళ్ళ మధ్య ఇమడాలి కనక సన్నదై తీరాలి. మొదటి ట్రైపాడ్‌గా అది వద్దనే చెబుతాను. రెండోదిగా అయితే బాగుంటుంది, ఎందుకంటే ఇంట్లో వదిలేసిన బరువైన స్టాండ్ కన్నా వెంట వచ్చిన తేలికదే నయం.

ఇక లోహమా, కార్బనా? ఫ్రాన్స్‌లో పుట్టిన గిట్జో 1994లో కార్బన్ ఫైబర్ ట్రైపాడ్ తెచ్చినప్పటి నుంచీ ఈ వాదన నడుస్తోంది. కార్బన్ తేలిక, వణుకును త్వరగా అణచుకుంటుంది, చలిలో చేతికి చల్లగా తగలదు. లంబసింగి పొగమంచులో తెల్లవారుజామున అల్యూమినియం కాలు పట్టుకున్నవాళ్ళకు ఈ చివరిది వివరించనక్కర్లేదు. అల్యూమినియం చవక, దెబ్బ తగిలితే సొట్టపడి ఊరుకుంటుంది. కార్బన్ గట్టి దెబ్బకు పగులుతుంది. రెండిటి మధ్యా ధర రెట్టింపు దాకా ఉంటుంది. ఒకే డబ్బుకు సన్న కార్బనూ లావు అల్యూమినియమూ దొరుకుతుంటే, కారులో తిరిగేవాడు లావు అల్యూమినియం తీసుకోవాలి, నడిచి కొండెక్కేవాడు కార్బన్ తీసుకోవాలి. కార్బన్ అన్న పేరు చూసి 22 మి.మీ. కాళ్ళ స్టాండ్‌కు ఎక్కువ డబ్బు పోయడం అనవసరం.

కర్రను అందరూ మరిచిపోయారు. జర్మనీలోని బెర్లెబాఖ్ 1898 నుంచి ట్రైపాడ్లు చేస్తూ, నేటికీ ఆష్ కర్రతోనే చేస్తోంది. వణుకును మింగేయడంలో కర్రకు మంచి పేరుంది. ఎండకూ చలికీ సాగడం, ముడుచుకోవడం కూడా తక్కువ కనక భూమి కొలిచే సర్వేయర్లు తమ పరికరాల కింద కర్ర స్టాండ్లు ఇప్పటికీ వాడతారు. టెలిస్కోపులతో ఆకాశం చూసేవాళ్ళలో దీనికి అభిమానులున్నారు. హైదరాబాద్ ఆరో నిజాం కొలువులో రాజా దీన్‌దయాళ్ గాజు పలకల మీద బొమ్మలు తీసిన రోజుల్లో పెద్ద కెమెరాల కింద నిలిచినవి కర్ర కాళ్ళే. బరువు, పొడుగు మాత్రం ఎక్కువ. రైలు పైబెర్తు మీద పట్టదు.

కాళ్ళ తాళాల్లో మీట రకం, మర తిప్పే రకం అని రెండు. మంచి కంపెనీలో రెండూ మంచివే, చెడ్డదాంట్లో రెండూ జారతాయి. మర రకంలో ఇసుక, ఉప్పు చేరినప్పుడు విప్పి కడగడం తేలిక. మీట రకం వదులైతే బిగించడానికి చిన్న తాళంచెవి కావాలి, అది పెట్టెలోనే వస్తుంది, పెట్టెతోనే పోతుంది.

ఎంత ఖర్చు పెట్టినా కింద నేల మన చేతిలో ఉండదు. హైదరాబాద్‌లో 2020లో తెరిచిన దుర్గం చెరువు తీగల వంతెన మీద నిలబడి రాత్రి లైట్ల బారులు తీయాలని చాలామందికి ఉంటుంది. వాహనాలు పోతుంటే వంతెన తనే ఊగుతుంది, దాంతో పాటు లక్ష రూపాయల ట్రైపాడ్ కూడా బుద్ధిగా ఊగుతుంది. ఒడ్డున మట్టి మీద నుంచి తీస్తే అదే వంతెన పదునుగా వస్తుంది. ఫంక్షన్ హాలులో స్టేజీ చెక్కల మీద పెట్టిన వీడియో కెమెరా కష్టమూ ఇదే. బంధువులు అక్షింతలు వేయడానికి పైకెక్కినప్పుడల్లా ఫ్రేము తలాడిస్తుంది. పెళ్ళి వీడియోలు తీసే అనుభవజ్ఞులు అందుకే కుర్చీల వరస మొదట్లో, గచ్చు మీద కాళ్ళు దించుతారు. విశాఖ ఆర్కే బీచ్‌లో తడి ఇసుక ఇంకో రకం మోసగత్తె. అల వెనక్కి పోతూ కాళ్ళ కింద ఇసుకను తోడుకుపోతుంది, అర నిమిషం ఎక్స్‌పోజరులో స్టాండ్ నెమ్మదిగా దిగబడుతుంది. ముందే కాళ్ళను ఇసుకలోకి బలంగా గుచ్చి, రెండు మూడు అలలు పోనిచ్చి, అప్పుడు తీయాలి. ఇంటికొచ్చాక మంచినీళ్ళతో కడిగి, మడతలన్నీ చాపి ఆరబెట్టాలి. ఇక్కడ బద్ధకిస్తే ఉప్పు రెండు వారాల్లో తన పని చేస్తుంది.

గాలికి విరుగుడుగా కాలమ్ కింద కొక్కేనికి సంచీ వేలాడదీయమని అందరూ చెబుతారు. వేలాడే సంచీ గాలికి ఊగి, స్టాండ్‌ను కూడా ఊపుతుంది. సంచీ అడుగు నేలకు ఆనేట్టు తాడు పొడుగు పెంచితే బరువు దక్కుతుంది, ఊపు ఉండదు.

కాళ్ళ గురించి ఇంత చెప్పుకుని తల దగ్గరకు వస్తే, సగం స్టాండ్లు ఇక్కడే ఓడిపోతాయి. పెట్టెలో ఉచితంగా వచ్చే తల సాధారణంగా కాళ్ళ కన్నా ఒక మెట్టు కిందిదే. కాళ్ళూ తలా విడివిడిగా కొనుక్కునే వీలుంది; మధ్యలో ఉండే మర అంగుళంలో 3/8 వంతు, కెమెరా అడుగున ఉండేది 1/4 వంతు. ఐఎస్ఓ 1222 అనే అంతర్జాతీయ ప్రమాణం ఈ రెండు మరలనూ నిర్ణయించింది కనక ఏ కంపెనీ కాళ్ళ మీద ఏ కంపెనీ తలైనా కూర్చుంటుంది. ఈ రంగంలో ఇంత చక్కటి ఒప్పందం ఇంకెక్కడా కనబడదు.

ఎక్కువమంది కొనేది బాల్ హెడ్. ఒక గుండు, దాన్ని పట్టే గిన్నె, ఒక మర. వదులు చేస్తే ఎటైనా తిరుగుతుంది, బిగిస్తే ఆగుతుంది. వేగం దీని గుణం. మర బిగించి చెయ్యి తీసేయగానే కెమెరా వెంట్రుకవాసి కిందికి దిగడం దీని జబ్బు. మంచి బాల్ హెడ్‌కూ చెత్తదానికీ తేడా అంతా ఆ వెంట్రుకవాసిలోనే ఉంది. మాక్రో లెన్సుతో పువ్వు మధ్యకు గురిపెట్టి బిగించినప్పుడు పుప్పొడి ఫ్రేము అంచుకు జారిపోతే ఆ తలను దుకాణంలోనే వదిలి రావాలి. గుండు వ్యాసం 40 మి.మీ. దాటితే పట్టు బాగుంటుంది. బిగింపు మర వేరుగా, ఒరిపిడిని సరిచేసే మర వేరుగా ఉన్నది ఎంచుకోవాలి. లేకపోతే మర వదిలిన క్షణంలో బరువు లెన్సు ముక్కు కిందికి వాలి వేళ్ళు నలుగుతాయి. ఆర్కా-స్విస్ కంపెనీ తన మోనోబాల్ తలలో గుండును పూర్తి గుండ్రంగా చేయదు. వంచే కొద్దీ ఒరిపిడి పెరిగేలా కొంచెం సొట్టగా చేస్తుంది. ఈ రంగంలో నాకు అన్నిటికన్నా నచ్చిన తెలివి అది.

మూడు పిడుల పాత తల, త్రీ-వే హెడ్, స్టూడియోల్లో తప్ప కనబడకుండా పోతోంది. జాలి పడాల్సిన విషయమే. గుడి గోపురం తీసేటప్పుడు ముందుకు వాలిన వంపు సరిచేస్తే పక్క వంపు చెడకూడదు. బాల్ హెడ్‌లో ఒకటి కదిపితే అన్నీ కదులుతాయి. మూడు పిడుల తలలో ఒక్కో దిక్కుకు ఒక్కో పిడి. దీనికే పళ్ళచక్రాలు తగిలిస్తే గేర్డ్ హెడ్. పిడి తిప్పితే డిగ్రీలో కొంత భాగం మాత్రమే జరుగుతుంది, వదిలితే అక్కడే ఉంటుంది, బిగించాల్సిన పని కూడా లేదు. మాన్‌ఫ్రోటో 410 ఈ జాతిలో చాలామందికి తెలిసిన పేరు, 1.22 కిలోల బరువు, సొంత ఆకారపు ప్లేటు, ఈ రెండూ దాని లోపాలు. కట్టడాలు, నగలు, పాత తాళపత్రాల నకళ్ళు తీసేవాళ్ళు గేర్డ్ హెడ్‌కు అలవాటు పడితే బాల్ హెడ్ ముఖం చూడరు. రామప్ప గుడి మదనికల్ని ఎదురుగా, వంకర లేకుండా పట్టాలంటే నేను ఎంచుకునేది కూడా ఇదే.

పక్షుల వాళ్ళ లోకం వేరు. కొల్లేరు ఆటపాక దగ్గర గూడబాతు లేచి నీటి మీదుగా పోతుంటే 500 మి.మీ. లెన్సును దాని వెంట తిప్పాలి. ఆ బరువు బాల్ హెడ్ మీద ఒక పక్కకు ఒరిగితే మొత్తం స్టాండే బోల్తా పడవచ్చు. గింబల్ తలలో లెన్సు బరువు కేంద్రం తిరిగే ఇరుసుకు సరిగ్గా ఎదురుగా వస్తుంది, అందుకే వేలితో తోసినా తిరుగుతుంది, వదిలితే పడకుండా ఆగుతుంది. అమెరికాలోని విమ్బర్లీ కంపెనీ పేరు ఈ రకానికి పర్యాయపదంగా చెబుతారు. లెన్సు కాలరు పట్టుకునే ప్లేటును ముందుకూ వెనక్కూ జరిపి, ఆ తూకం కుదిర్చిన తరవాతే వాడాలి. కుదర్చకపోతే అది ఖరీదైన ఊయల. అడవిలో జీపులోంచి తీసేవాళ్ళకు ట్రైపాడ్ మాటే దండగ, ఇంజను నడుస్తున్నంతసేపు జీపే వణుకుతుంది. బియ్యమో, ఆవాలో నింపిన గుడ్డసంచీ కిటికీ అంచున పెట్టుకుని ఇంజను ఆపమని డ్రైవరును అడగడమే దారి.

వీడియోకు ఫ్లూయిడ్ హెడ్ తప్ప గతి లేదు. చిక్కటి ద్రవం ఇచ్చే ఒరిపిడి వల్ల చెయ్యి తడబడినా ఫ్రేము తడబడదు. అమెరికాలో ఆవిరి రైళ్ళంటే పిచ్చి ఉన్న చాడ్వెల్ ఒకానర్ అనే ఇంజనీరు, పోతున్న రైలును కుదుపు లేకుండా తీయాలని తన కోసం ఇలాంటి తల తయారు చేసుకున్నాడు. అది వాల్ట్ డిస్నీ కంటబడి సినిమాల్లోకి వెళ్ళింది, తరవాత ఒకానర్‌కు ఆస్కార్ సాంకేతిక పురస్కారం కూడా తెచ్చింది. తక్కువ ధరలో ‘ఫ్లూయిడ్’ అని రాసి గ్రీజు పూసిన తలలు బజారులో కుప్పలుగా ఉన్నాయి. మెల్లగా తిప్పి ఆపండి. ఆపినచోట నుంచి వెనక్కి కొంచెం లాగినట్టయితే అందులో ద్రవం లేదు. వీడియోకు తల కింద గిన్నెలా 75 మి.మీ. లేదా 100 మి.మీ. అమరిక ఉన్న కాళ్ళు తీసుకుంటే, నేల ఎగుడుదిగుడుగా ఉన్నా కాళ్ళు ముట్టుకోకుండా తలను సమం చేయవచ్చు.

తలకూ కెమెరాకూ మధ్య ఉండే చిన్న ప్లేటును ఎవరూ లెక్కలోకి తీసుకోరు. ఆర్కా-స్విస్ తెచ్చిన వాలు అంచుల పట్టా, సుమారు 38 మి.మీ. వెడల్పుది, ఇప్పుడు ఆచరణలో ప్రమాణమైపోయింది. కాగితం మీద ఆమోదించిన ప్రమాణం కాకపోవడంతో ఒక కంపెనీ ప్లేటు ఇంకో కంపెనీ మీట పట్టులో వదులుగానో బిగుతుగానో ఉండవచ్చు. మర తిప్పి బిగించే పట్టు అయితే ఈ తేడాను సర్దుకుంటుంది, కాబట్టి అదే మేలు. రబ్బరు మందంగా ఉన్న ప్లేట్లు మెత్తగా అణుగుతాయి, వద్దు. కెమెరాను నిలువుగా తిప్పినప్పుడు తన బరువుకే తాను మర మీద తిరిగిపోకుండా, కెమెరా ఒంటికి అచ్చంగా అమరే ఎల్ ఆకారపు ప్లేటు దొరికితే తలను అసలు వంచనక్కర్లేదు. నిలువు బొమ్మలు ఎక్కువ తీసేవాళ్ళకు తల మీద పెట్టే అదనపు డబ్బు కన్నా దీని మీద పెట్టిందే ఎక్కువ ఫలితం ఇస్తుంది.

ఇంతా చేసి, ఈ రోజుల్లో ట్రైపాడ్ కావాలా అని అడిగేవాళ్ళున్నారు. అడగడంలో తప్పు లేదు. సెన్సరే కదిలి చేతి వణుకును సరిదిద్దే కెమెరాలకు జపాన్ కెమెరా తయారీదార్ల సంఘం సీపా పరీక్షల్లో 8 స్టాపుల దాకా అంకెలు వస్తున్నాయి. చేత్తో అర సెకను, ఒక సెకను దాకా తీసేయగలుగుతున్నారు. ప్రయాణాల్లో సాయంత్రపు వీధి బొమ్మలకు ట్రైపాడ్ అవసరం నిజంగానే తగ్గింది. కానీ అలలు పాలనురగలా రావాలంటే కావలసింది 30 సెకన్లు. నక్షత్రాలకు 15, 20. ఒకే ఫ్రేము నుంచి పది ఫోకస్ బొమ్మలు తీసి కలపాలన్నా, టైమ్‌లాప్స్ కట్టాలన్నా కెమెరా గంటసేపు ఒకేచోట ఉండాలి. దానికి సెన్సరు చేయగలిగేది ఏమీ లేదు. స్టాండ్ మీద పెట్టాక వణుకు సరిదిద్దే ఆ సౌకర్యాన్ని ఆపేయడం క్షేమం, ముఖ్యంగా పాత లెన్సుల్లో. లేని వణుకును వెతుక్కుని అదే వణికిస్తుంది. అద్దం ఉన్న కెమెరాల్లో అద్దాన్ని ముందే పైకి లేపి, రెండు సెకన్ల టైమరు పెట్టాలి. సెకనులో ముప్పయ్యో వంతు నుంచి అర సెకను దాకా ఉండే షట్టరు వేగాల్లో అద్దం దెబ్బ బాగా కనబడుతుంది.

దుకాణంలో పరీక్షించడానికి యంత్రాలేమీ అక్కర్లేదు. సొంత కెమెరా, పొడుగు లెన్సు పట్టుకెళ్ళండి. కాలమ్ దించి, కాళ్ళు పూర్తిగా చాపి, లైవ్ వ్యూను పది రెట్లు పెంచి రోడ్డవతలి బోర్డు మీద ఒక అక్షరానికి గురిపెట్టండి. కాలిని వేలితో తట్టి, అక్షరం ఎంతసేపటికి కుదుటపడుతుందో చూడండి. తరవాత స్టాండ్ భుజాన్ని చేత్తో మెల్లగా పక్కకు మెలిపెట్టి వదలండి. వెనక్కి వచ్చి ఊగుతూ ఉంటే కీలు బలహీనం. రెండు స్టాండ్లను పక్కపక్కన ఇలా చూసినవాళ్ళు పెట్టె మీద అంకె మళ్ళీ చదవరు. ఆన్‌లైన్‌లో కొనేవాళ్ళకు ఆ వీలు లేదు, వాళ్ళు గొట్టం వ్యాసం, కాలమ్ లేకుండా ఎత్తు, ఈ రెండూ రాయని సరుకు జోలికి పోకపోతే సగం గండం గడిచినట్టే. పాతది కొనడానికి ట్రైపాడ్ అంత మంచి వస్తువు ఇంకోటి లేదు. కెమెరా అయిదేళ్ళకు పాతబడుతుంది, మంచి అల్యూమినియం కాళ్ళు ఇరవై ఏళ్ళయినా అదే పని చేస్తాయి. తాళాలు పట్టుకుంటున్నాయా, కార్బనైతే కీళ్ళ దగ్గర జిగురు వదిలి గొట్టం తిరుగుతోందా, ఇవి చూసుకుంటే చాలు. డబ్బు తక్కువైతే నా సలహా ఇది: కాళ్ళు పాతవి కొని, తల కొత్తది కొనండి.

ఒక విషయం అమ్మేవాళ్ళెవరూ చెప్పరు. గోల్కొండ, చార్మినార్, లేపాక్షి, రామప్ప వంటి పురావస్తు శాఖ రక్షణలోని కట్టడాల్లో ట్రైపాడ్ వాడాలంటే ముందుగా అనుమతి తీసుకోవాలి. చేతిలో కెమెరాకు అభ్యంతరం చెప్పని కాపలాదారు మూడు కాళ్ళు విప్పగానే లేచి వస్తాడు. అనుమతి లేని రోజున గోడ అంచు మీదనో, మెట్టు మీదనో గుడ్డసంచీ పెట్టి, దాని మీద కెమెరా ఆనించి, టైమరు నొక్కి చెయ్యి తీసేయాలి. అక్కడి రాయి ఏ స్టాండ్ కన్నా గట్టిది.